అక్క మాత్ర మానదు, నాయనా

బెంగుళూరు

నాయనకు,

నీ చిన్నకూతురు వరలక్ష్మి దండం పెట్టి రాసేది. ఈడ నేను, అక్క, బావ, పిల్లోల్లు బాగుండాము. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? అన్న, వదిన కులాసానా? గొర్రెలకు మేత దొరుకుతాందా?

ఈడ దినామూ సాయంత్రం వానే. మన చేన్లో పడాల్సిన వాన తారురోడ్డు మీద పడి కాలవల్లోకి పోతాంటే నాకు కడుపు మండుతాది. ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మిషనిచ్చినారు. సూపర్‌వైజర్ అరిస్తే నేనూ అరుస్తాను, నువ్వేం దిగులుపడొద్దు. సంగటి దొరుకుతాది గానీ మన ఊరిబిండి పచ్చడి లేనిదే ముద్ద దిగదు. ఆదివారమైతే ఊరు మరీ మరీ గుర్తొస్తాది.

ఇంక అసలు సంగతి. నువ్వు ఫోన్ చేసి అక్కతో ఏం చెప్పినావో బావ చెప్తే తెలిసిపోయింది. "చెల్లెలి పెండ్లి కుదిరేదాకా ఆ మాత్రలు మానుకో తల్లీ, ఎవరన్నా చూస్తే సంబంధం తప్పిపోతాది, నీకు రోగం లేదు కదా" అన్నావంట. నీ మాట అక్క ఎన్నడు దాటింది? మానేసింది. నాతో ఒక్క మాట చెప్పలేదు.

నాయనా, మళ్లీ చెప్తాను, కోపం లేకుండా చదువు. అక్క రొమ్ములో నుంచి తీసిన గడ్డ క్యాన్సర్ కాదు. కానీ దాంట్లో కణాల తీరు బాగలేదని డాక్టరమ్మ అనింది. అమ్మ దాంతోనే పోయింది, చిన్నమ్మ దాంతోనే పోయింది. అందుకే అక్కకు వచ్చే ప్రమాదం మిగతా ఆడోళ్లకన్నా ఎక్కువ. దాన్ని తగ్గించేదానికే దినానికొక మాత్ర, ఐదేండ్లు. ఒళ్లు సెగలు పుడతాయి, కాలు వాస్తే వెంటనే రావాల, మాత్రలు వాడినంత కాలం కడుపు రాకూడదు అని అన్నీ ముందే చెప్పినారు. క్యాన్సర్ రానే రాదని మాటివ్వలేమని కూడా చెప్పినారు. నన్నూ చూసినారు. నాకిప్పటికి మాత్ర అక్కర్లేదు, చూపించుకుంటా ఉండమన్నారు.

ఆస్పత్రిలో ఇచ్చిన కరపత్రం నేను గట్టిగా చదువుతాంటే, రొమ్ము అనే మాట రాగానే అక్క పోయి తలుపు మూసింది! మన ఇంటి అసలు రోగం అదే. అమ్మ గడ్డను కొంగు కింద దాచింది. చిన్నమ్మా దాచింది. మనమేమో పెద్దమ్మ దేవరకు మొక్కి పొట్టేళ్లు కోసినాము. పొట్టేళ్లూ పోయినాయి, వాళ్లూ పోయినారు.

మొన్న ఆదివారం కొత్తచెరువు పిల్లోడు, వాళ్లమ్మ నన్ను చూసేదానికి వచ్చినారు. అక్క మాత్రలు బియ్యం డబ్బాలో దాచింది. కాఫీలిచ్చినాక నేను డబ్బాలో చెయ్యి పెట్టి, ఆ మాత్రల అట్ట తీసి వాళ్ల ముందర పెట్టినాను. 

"ఏందివి పాపా?" అనింది పిల్లోడి తల్లి.

"రొమ్ము క్యాన్సర్ రాకుండా మా అక్క వేసుకునే మాత్రలత్తా."

"వచ్చిందా?"

"రాలేదు."

"రాని రోగానికి మందా? యాడన్నా ఉండాదా ఈ చోద్యం?"

"మీ చేన్లోనే ఉండాది. మందు పట్టించకుండా చెనిక్కాయ విత్తనం గొర్రులో పోసి విత్తుతారా? మొక్కకు మొదలుకుళ్లు తెగులు వచ్చినాక పట్టిస్తారా?"

పిల్లోడికి నవ్వొచ్చి కాఫీ పొలమారింది. ఆమె వాడి వీపు తడతా, "దీనికి నోరు శానా ఉండాదప్పా! మందు పట్టించినా పంట రాని ఏండ్లు లేవా?" అనింది.

"ఉండాయత్తా. మరుసటేడు పట్టించేది మానినారా?"

ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఇంటికి పోయి చెప్పి పంపుతాం" అని లేచింది. ఆ మాటకు అర్థం నీకూ తెలుసు. పోనీ.

వాళ్లు వీధి దాటకముందే అక్క అందుకుంది. "నీ బతుకు నువ్వే తగలబెట్టుకుంటివి కదే!"

"నీ ప్రాణం అడ్డం పెట్టి కట్టించుకునే తాళి నాకొద్దు పోక్కా!"

అక్క శానాసేపు ఏడ్చింది. ఆనక లేచి, అట్టకు అంటిన బియ్యం దులిపి, మాత్ర నోట్లో వేసుకొని నీళ్లు తాగింది. "నడమ మానిన సంగతి డాక్టరమ్మతో చెప్పాల, రేపు నా తోడు రా" అనింది. పోయినాము. తిట్లు తిని వచ్చినాము. ఇప్పుడు దినామూ నా ముందరే మింగుతాంది.

నీకు కోపమొస్తాది. రానీ. నన్ను తిట్టు, అక్కను ఒక్క మాట అనొద్దు. నీ మాట మీద మానింది, మళ్లీ నీ మాట మీద మానేస్తుందేమోనని నాకు భయం. ఈసారి ఫోన్ చేసినప్పుడు "మాత్ర వేసుకున్నావా తల్లీ" అని అడుగు. అంతకన్నా నిన్నేమీ అడగను.

ఇటుపక్కకు ఎవరన్నా వస్తాంటే ఊరిబిండికి చెనిక్కాయలు పంపు. పెద్దనాయనకు దండాలు, అన్న పిల్లోల్లకు ముద్దులు. వదినకు ఈ జాబు మొత్తం అన్నను చదివి వినిపించమను, తలుపు తీసిపెట్టి.

ఏరువాక దగ్గరపడింది. టార్పాలిన్ పట్టా మీద విత్తనం పోసి మందుపొడి కలిపేటప్పుడు, ఎందుకు కలుపుతాండావో నిన్ను నువ్వే అడుగు. ఆనక చేతులు కడుక్కొని, మా అక్కచెల్లెండ్లిద్దరినీ దీవించు.

నీ మొండి బిడ్డ,
వరలక్ష్మి