ఆకాశంలోంచి మా చెరువు

మంగళవారం రాత్రి

భావి చరిత్రకారులు రాసుకోవాలి: ఉపగ్రహ చిత్రాలు చదివే కేంద్రంలో నాకు ఇంటర్న్‌షిప్ వచ్చింది!

పోయినవారం ఫోన్‌లో ఇంటర్వ్యూ, సిగ్నల్ కోసం, మా చేపల చెరువు గట్టు మీదే ఇచ్చాను. మధ్యలో నీళ్ళ రంగు మారడం చూసి, "క్షమించండి మేడమ్, చేపలకి ఊపిరాడట్లేదు," అంటూ నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ వెయ్యడానికి పరిగెత్తాను. ఛాన్స్ గోవిందా అనుకుంటే ఆవిడ నవ్వి, "మా పనీ అదేనండీ, దూరంనుంచి రంగు చూసి జబ్బు చెప్పడం," అన్నారు.

ఇవాళ మెయిల్ రాగానే నాన్న, "మావాడు ఇక ఆకాశంలోంచి చెరువులు చూస్తాడండీ!" అని ఊరంతా చాటారు. ఏటా తన గట్టుని కొల్లేరు సరస్సులోకి జరుపుకుంటూ ఆక్రమించే పక్క చెరువు బాబాయి సాయంత్రానికి కొర్రమీను పట్టుకొచ్చాడు.

"అబ్బాయ్, మా వైపు చూసేటప్పుడు కాస్త మబ్బు పట్టించవయ్యా."

పులుసు అద్భుతం. మబ్బు సంగతే నా చేతుల్లో లేదు.