ఒకటో నంబరు టోకెను

గోదావరిఖని,
అక్టోబరు 3

అండమాన్ల, నీల్ దీవిల రెండు గదుల లాడ్జి నడిపే బిడ్డ యమునకు,

లింగమూర్తి రాస్తున్న. మేం మంచిగున్నం, నువ్వు, మీ అవ్వ గూడ మంచిగుండాలె. మా దోస్తు నర్సింగం పోయినేడు మీ దగ్గర దిగిండట, అడ్రసు ఆయనే ఇచ్చిండు. ఎన్నిసార్లు ఫోను చేసినా కలుస్తలేదు, అందుకే ఈ కాయితం.

నేను, నా భార్య సారవ్వ డిసెంబర్ల వస్తం. పైసలు తక్కువ, అందుకే విమానం గాదు, చెన్నైల ఓడ ఎక్కుతం. బియ్యం, మామిడికాయ తొక్కు, దుప్పట్లు అన్నీ మావే. ఒక చిన్న గది చాలు. ముప్పై నాలుగేండ్లు నేను బొగ్గుబాయిల దిగిన. సారవ్వ నా బట్టలు పిండినప్పుడల్లా నల్లనీళ్ళే చూసింది. మీ దగ్గర నీళ్ళల్ల నిలబడితే కాలిగోళ్ళు కనిపిస్తయని నర్సింగం చెప్పినకాన్నుంచి ఆమెది ఒకటే మాట, "ఒక్కపారి ఆ నీళ్ళల్ల నిలబడతనయ్యా" అని. పెండ్లైనంక నోరు తెరిచి అడిగింది గిదొక్కటే.

కని ముందుగాల నాకు కొన్ని తెల్వాలె. గదికి, సముద్రానికి ఎన్ని అడుగులు? నీళ్ళు మీదికొస్తే ఉరికేతందుకు రెండో తొవ్వ ఉన్నదా? కప్పు ఎవరు చూస్తరు, రోజుకు ఎన్నిసార్లు? నీళ్ళల్లకు ఎందరు దిగిన్రు, ఎందరు పైకొచ్చిన్రు, ఆ లెక్క ఎవరు రాస్తరు? ఉన్నదున్నట్టు రాయి. వచ్చినంక కప్పును కట్టెతోని కొట్టి నేనే చూస్త.

ఇట్లు,
లింగమూర్తి, మైనింగ్ సర్దార్

తా.క.: "గది అడుగుతున్నవా, వాంగ్మూలం తీసుకుంటున్నవా?" అంటున్నది సారవ్వ. నువ్వేమనుకోకు.

*

నీల్ దీవి,
అక్టోబరు 16

గౌరవనీయులైన సర్దార్ గారికి,

యమున నమస్కరించి రాస్తున్నదండీ. మీ ఉత్తరం రెండు వైపులా చదివాను. బొగ్గుగని అని రాశారు గానీ, వెనకవైపు 'తనిఖీ రిపోర్టు' అన్న అచ్చు, కింద సంతకాల గళ్ళు చూడగానే నాకు అంతా అర్థమైంది. మామూలు యాత్రికుల్లాగా రావాలనుకున్నారు, అలాగే రండి. నేను ఎవరికీ చెప్పను.

అబద్ధం ఆడను. పోటు సమయంలో సముద్రం గదికి ముప్పై అడుగుల దాకా వస్తుంది. తలుపు ఒకటే. కప్పు కొబ్బరాకు, దాన్ని రోజూ చూసేది కాకులు మాత్రమే. నీళ్ళలో దిగినవాళ్ళ లెక్క ఎవరూ రాయడం లేదు. మీ ఉత్తరం అందిన రోజే వడ్రంగిని పిలిచి, వెనక గోడకి రెండో తలుపు పెట్టిస్తున్నాను. లాడ్జి అనుమతికి పెట్టిన దరఖాస్తు ఇంకా తేలలేదు. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ రెండు గదులూ వేసి, వేసిన ఏడాదికే పోయారు. అమ్మకీ నాకూ ఇవే ఆధారం. దయ ఉంచండి. కిరాయి మాట మాత్రం ఎత్తకండి.

భయభక్తులతో,
యమున

తా.క.: తనిఖీకి వచ్చేవాళ్ళు బియ్యం వెంట తెచ్చుకుంటారని మేం ఎప్పుడూ వినలేదు. అమ్మ మీ ఉత్తరానికే దణ్ణం పెట్టింది.

*

గోదావరిఖని,
అక్టోబరు 29

బిడ్డా యమునా,

నీ జవాబు చదివి కడుపు నిండింది. నేను చెప్పంగనే రెండో తొవ్వ తీసిన మేనేజర్ను నా సర్వీసుల ఒక్కన్ని చూడలె. తనిఖీ అంటే నీకు ఎంత మర్యాద! మేమొస్తున్నట్టు ఎవరికీ చెప్పనన్నవు, అదెందుకో సమజ్ గాలె, కని మంచిదే. ఈడ తెలిస్తే కాలనీ మొత్తం మూటలు కట్టుకుంటది.

కిరాయి ముచ్చట మాత్రం నచ్చలె. ఊకెనే ఇచ్చిన గదిల నేను పండను. ఇయ్యాల్టిదాక ఎవ్వరి దగ్గర ఊకెనే చాయ్ గూడ తాగలె. సారవ్వకైతే అనుమానం మొదలైంది, "పైసలొద్దంటున్నరంటే కిడ్నీలు తీసుకుంటరేమో" అని. "మన కిడ్నీలు ఎవరు ముడతరే, నడువు" అన్న. అయినా ఆమె ఫికర్ ఆమెదే.

ఇంకొన్ని చెయ్యాలె. ఒక విజిలు, ఒక స్ట్రెచరు, రెండు బకెట్ల ఇసుక. ఇత్తడి టోకెన్లు పది నేనే నంబర్లు కొట్టిచ్చి తెస్త. బాయిల దిగెటోడు తన నంబరు టోకెను తీసుకొని దిగుతడు, పైకొచ్చినంక మల్ల కొక్కేనికి పెడతడు. ఒకపారి బాయిలకు నీళ్ళు దూసుకొచ్చినయి. అందరం పైకొచ్చినం అనుకున్నం. చూస్తే ఒక్క కొక్కెం ఖాళీ. మల్ల దిగితే మా సదయ్య దొరికిండు, పానంతోనే. ఆ దినం సారవ్వ పొద్దంత గేటు కాడ నిలబడ్డది, కూసోమంటే కూసోలె. అందుకే బిడ్డా, నీళ్ళంటే నాకు ముందు లెక్క, తర్వాతనే సంబురం.

నీ మంచి కోరే,
లింగమూర్తి

తా.క.: అచ్చు ఫారాల సంగతి రాసినవు. ఇంకా చాన ఖాళీగ ఉన్నయి నా కాడ. అన్నీ నీకే వాడుత.

*

నీల్ దీవి,
నవంబరు 11

మహారాజశ్రీ సర్దార్ గారికి,

ఫారాలన్నీ నాకే వాడతానన్నారు. అది చదివాక రెండు రోజులు అన్నం సయించలేదండీ. చాయ్ కూడా ముట్టని మనిషిని మేం ఏం చెప్పి ఒప్పించగలం? విజిలు కొన్నాను. పాత పడవ చెక్కలతో స్ట్రెచరు చేయించాను. "సముద్రం ఒడ్డున బకెట్లో ఇసుక ఏంటే?" అని అమ్మ అడిగితే, "పైనుంచి ఆర్డరు" అన్నాను.

కానీ అనుమతి కాగితం ఇంకా చేతికి రాలేదు. మీరిప్పుడొచ్చి ఫారం నింపితే మా గదులు మూతపడతాయి. దయచేసి అప్పటిదాకా రావద్దు.

వణుకుతూ,
యమున

తా.క.: శ్రీమతిగారి కిడ్నీల విషయం. మా వీధిలో పంటి డాక్టరు కూడా లేడండీ.

*

గోదావరిఖని,
నవంబరు 23

బిడ్డా,

నీ ఉత్తరం నాకు సమజ్ గాక నర్సింగంకు చూపిచ్చిన. ఆయన మంచం మీద పడి నవ్విండు. నేనేం ఆఫీసర్ను గాదు తల్లీ. రిటైరై రెండేండ్లయింది. సర్దార్ అంటే బాయిల కూలోళ్ళ కంటె ముందు పోయి, కప్పు చూసి, గ్యాసు చూసి, రిపోర్టు రాసెటోడు, గంతే. కొత్త ఫారాలొచ్చినయని పాతయి పారేస్తుంటే ఇంటికి తెచ్చుకున్న. ఒక్క దిక్కు తెల్లగున్న కాయితం పారేసుడు నాతోని గాదు.

నిన్ను భయపెట్టిన, తప్పయింది. రావద్దంటివి. సారవ్వ మూట విప్పి దుప్పట్లు బీరువాల పెట్టింది. తొక్కు సీసా మాత్రం తియ్యలె, తలుపు కాన్నే ఉంచింది.

లింగమూర్తి

తా.క.: ఇది దుకాణంల కొన్న కాయితం. రెండు దిక్కుల తెల్లగున్నది. రాస్తుంటే చెయ్యి వస్తలేదు.

*

నీల్ దీవి,
డిసెంబరు 3

సర్దార్ బాబాయ్,

రండి. సీసా అక్కడే ఉంచమనండి పిన్నిని. కిరాయి తీసుకుంటాను.

సిగ్గుపడుతూ,
యమున

తా.క.: చాయ్ మాత్రం ఊరికే ఇస్తాను. తాగి తీరాలి.

*

నీల్ దీవి,
జనవరి 8

బాబాయ్‌కి, పిన్నికి,

మీరు తిరుగు ఓడెక్కిన నాలుగో రోజు అసలు తనిఖీ వచ్చింది. ఇద్దరు. రెండో తలుపు చూశారు, బకెట్లు చూశారు, బాబాయ్ కొట్టిన కొక్కేలు చూశారు. ఒకాయన టోకెన్లు లెక్కపెట్టి, "తొమ్మిదే ఉన్నాయి, ఒకటో నంబరు ఎవరి దగ్గరుంది?" అన్నాడు. ఎవరో నీళ్ళలోనే ఉండిపోయారనుకున్నాను. బాబాయ్ నేర్పినట్టే విజిలు ఊదాను. పది నిమిషాల్లో మూడు పడవలు నీళ్ళలో దిగాయి. అమ్మ స్ట్రెచరు మోసుకొచ్చింది. యాత్రికులందర్నీ పేరుపేరునా పిలిస్తే అందరూ ఒడ్డునే ఉన్నారు. "ఇది డ్రిల్లా?" అన్నారు తనిఖీకి వచ్చినవాళ్ళు. "అవునండీ" అన్నాను. ఆ సాయంత్రమే అనుమతి రాసిచ్చారు. అమ్మా నేనూ ఒకర్నొకరం పట్టుకుని ఏడ్చాం. మీరు ఆ ప్రశ్నలు అడక్కపోతే మా గదులు ఈపాటికి మూతపడేవి బాబాయ్. ఈ మేలు మరిచిపోలేను.

పిన్ని మోకాళ్ళ లోతు నీళ్ళలో గంటసేపు తన కాళ్ళు తనే చూసుకుంటూ నిలబడిన చోటు అందరికీ చూపిస్తున్నాను. కానీ ఒకటో నంబరు టోకెను ఎంత వెతికినా దొరకలేదు. కొత్తది చేయించనా?

మీ అమ్మాయి,
యమున

తా.క.: ఆ గంటసేపూ బాబాయ్ విజిలు నోట్లోంచి తీయలేదు. ఊపిరి వదిలినప్పుడల్లా మోగింది. చుట్టుపక్కల కుక్కలు ఇంకా ఆయన కోసం చూస్తున్నాయి.

*

గోదావరిఖని,
జనవరి 21

బిడ్డా యమునా,

నేను సారవ్వను. మీ బాబాయిని కూరగాయలకు తోలి నేనే రాస్తున్న. ఐదో తరగతి అక్షరాలు, వంకర పోతే ఏమనుకోకు. నీకు అనుమతి దొరికిందంటే మా ఇంట్ల దొరికినట్టే ఉన్నది.

టోకెను నా కాడున్నది. ఓడెక్కే దినం పొద్దుగాల ఆఖరుసారి నీళ్ళల్ల నిలబడి, పైకొచ్చి, కొక్కేనికి పెట్టబోయిన. చెయ్యి రాలె. కొంగుకు ముడేసుకున్న. ఓడ పోతదన్న తొందరల మీ బాబాయి లెక్క చూసుకోలె. ఈ ముచ్చట ఆయనకు చెప్పకు, తట్టుకోడు.

ముప్పై నాలుగేండ్లు ఆయన టోకెను కొక్కేనికి ఎక్కిందో లేదో అని నేను తొవ్వ చూసిన. షిఫ్టు దిగే టైము దాటితే బువ్వ ముట్టలె. నా తొవ్వ చూసే కొక్కెం ఎక్కడ లేకుండె. ఇప్పుడు మీ గోడకు ఒకటున్నది. నా కాళ్ళు నాకు చూపిన తల్లివి, నిన్ను మర్వ. కొత్తది చేయించకు. మల్ల వచ్చి నేనే పెడత.

నీ పిన్ని,
సారవ్వ

తా.క.: కాయితం వెనుక అచ్చున్నది, భయపడకు. ఈసారి గళ్ళు నేనే నింపిన. కప్పు: మంచిగున్నది. నీళ్ళు: గోళ్ళు కనిపిస్తయి. మనుషులు: అందరు పైకొచ్చిన్రు, ఒక్కరు తప్ప.