గంట తీగ తీసిన చేయి

ఢిల్లీ,
మంగళవారం

ప్రభువునందు ప్రియుడైన తమ్ముడు దానియేలుకు,

నీవు, మరదలు, అమ్మాయి సువార్త ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పి నెమ్మదించిందా? ఇక్కడ చలి ముదిరింది. రొట్టెలు సహించక అన్నం వండుకుంటున్నాను. నీవు పంపిన గోంగూర పచ్చడి అడుగంటింది. ఎవరైనా వస్తుంటే మరికొంత పంపు. నా ఆరోగ్యానికి కొరత లేదు. అమ్మకు అలాగే చెప్పు.

టెలివిజన్ కేంద్రంలో నా పని నీకు తెలిసినదే. యంత్రాల స్థితి తెలిపే దీపాల బల్ల ముందు కూర్చుంటాను. యంత్రం బాగుంటే పచ్చదీపం. చెడితే ఎర్రదీపం వెలిగి గంట మోగుతుంది. అరగంటకొకసారి అదంతా పుస్తకంలో వ్రాస్తాను. యంత్రాల గదిలో ఉండేది మన నాదెండ్ల సుందరం. మన పేటలో నా వద్ద పద్యం పాడటం నేర్చినవాడు. నా మాట మీదనే నీవు సువార్తను ఇవ్వ నిశ్చయించినవాడు.

పోయిన గురువారం ఉదయం యంత్రాన్ని చల్లబరిచే పంకా తాలూకు గంట రెండుమార్లు మోగింది. సుందరం వచ్చాడు.

“మాస్టారూ, పంకా బానే తిరుగుతుంది. ఈ గంటే ఊరికే మోగి చంపుతుంది. దీపానికీ దీనికీ ఒకటే వైరు, పీకేస్తున్నా. పుస్తకంలో ఎక్కించమాకండి.”

“పంకా ఆగితే నాకెట్టా తెలుస్తుందిరా?”

“నేను పక్కనే ఉంటాగా. నా మీద నమ్మకం లేదా ఏంది?”

ఆ మాటతో ఊరుకున్నాను. వైరు తీసినవాని చేత సంతకం చేయించాలన్నది నియమం. శిష్యుని సంతకం అడగటం గురువుకు చిన్నతనమనిపించింది. ‘అంతా సక్రమం’ అని నా చేతితోనే వ్రాశాను. ఆ తప్పు నాదే.

అతడు టీకి వెళ్లాడు. పంకా ఆగింది. బొమ్మను పంపే యంత్రంలోని పెద్ద వాల్వు వేడికి కాలిపోయి, నగరంలోని బడులలో పిల్లలు టెలివిజన్లో చూస్తున్న పాఠం నడుమ బొమ్మ మాయమైంది.

ఇంజనీరుగారు విచారించినప్పుడు సుందరం నా ఎదుటనే, తనకేమీ తెలియదనీ, ముసలాయన కళ్లు మూసుకుని పద్యాలు చదువుకుంటూ ఏ వైరు లాగాడో అనీ ఇంగ్లీషులో చెప్పాడు. నేను నిజం చెప్పాను. పుస్తకంలో నా వ్రాతే నన్ను అబద్ధికుణ్ణి చేసింది. ఇప్పుడు నన్ను ఫిల్ము డబ్బాలకు చీటీలు అంటించే పనిలో పెట్టారు.

మెట్ల వద్ద అతడే పలకరించాడు. “ఏమనుకోమాకండి మాస్టారూ. పెళ్లి ముందర ఉద్యోగం ఊడితే మీవాళ్ల ముందు తలెత్తుకోగలనా? మీరు పెద్దోరు, మీకు మాటొచ్చినా పోయేదేముంది?”

చక్కని గొంతు విని చక్కని మనసు ఉన్నదనుకున్నాను, తమ్ముడూ.

గుడిలో మొదటి పెండ్లి ప్రకటన చదివారని వ్రాశావు. ఇంకా రెండు ఆదివారాల ప్రకటనలున్నవి. అభ్యంతరం గలవారు చెప్పండని పాస్టరుగారు అడిగినప్పుడు లేచి ఈ ఉత్తరం చదవవద్దు. అతని తల్లిదండ్రులు పదిమందిలో తల దించుకోకూడదు. ముందుగా సువార్తకు చదివి వినిపించు. మెట్ల వద్ద అతడు చెప్పిన కారణం కూడా విడవవద్దు. పెదనాన్న మీద జాలితో కాదనవద్దనీ, మాట ఇచ్చామని ఔననవద్దనీ చెప్పు. ఆమె ఏమంటే అదే జరిపించు.

అమ్మ పాదాలకు నమస్కారం. ఆమె ప్రార్థనలో నన్ను మరువవద్దను. మరదలికి, పాస్టరుగారికి నా వందనాలు. సుందరం యోగ్యుడని నేను వ్రాసిన పాత ఉత్తరం నీ పెట్టెలో ఉంటే, సువార్తను అడగబోయే ముందే చించివేయి.

ఇట్లు,
నీ అన్న,
యోహాను