అవతలి జట్టులో ఆడాను

నాగాయలంకలో ఉన్న అమ్మకు, గుడివాడ హాస్టల్ నుంచి తేజస్విని నమస్కారాలు.

పరీక్షలని ఫోన్లు తీసేసుకున్నారు, అందుకే కార్డు. మా కబడ్డీ జట్టు రద్దయిందని బెంగపెట్టుకున్నావట. రద్దు కాలేదమ్మా. పెద్ద యూనివర్సిటీలు మేమంతా కలిసి ఆడే పూల్ వదిలి సొంత లీగ్ పెట్టుకున్నాయి. మాలాంటి చిన్న ప్రైవేటు యూనివర్సిటీలను రాయలసీమ పూల్‌లో వేశారు. అంతదూరం పంపలేక మా యూనివర్సిటీ వాళ్లు జట్టు తీసేద్దామనుకున్న మాట నిజమే. కోచ్ సబీనా మేడం ఊరుకోలేదు. మాలాగే మిగిలిపోయిన చుట్టుపక్కల యూనివర్సిటీలను కలిపి ఇక్కడే లీగ్ మొదలుపెట్టారు.

మొదటి ఆట చల్లపల్లిలో. అవతలి జట్టులో ఒకమ్మాయి జ్వరమొచ్చి రాలేదు. మేడం నాతో, "తేజూ, నువ్వు అటు ఆడు" అన్నారు.

"మనవాళ్లని నేనెలా పట్టుకుంటానండీ?"

"గట్టిగా పట్టుకో. వాళ్లు నిలబడితేనే మనకీ ఆట."

చివరి కూతకి మా కెప్టెన్ సానియా వచ్చింది. నేను తన మడమ దొరకబుచ్చుకుని వదల్లేదు. ఒక్క పాయింటుతో మా జట్టు ఓడిపోయింది! సానియా మట్టిలో పడి నవ్వుతూ, "ఇంటిదొంగవే నువ్వు!" అంది. చూడ్డానికి వచ్చిన మా రిజిస్ట్రారు గారు లేచి చప్పట్లు కొట్టి, జట్టు ఉంటుందని అక్కడే చెప్పేశారు.

పడవ ఇంజను బాగైందా? చెల్లి బడికి వెళ్తోందా? నానమ్మకు దండాలు. ఆదివారం ఆట అవనిగడ్డలో. నాన్న వేటకి వెళ్లకపోతే ఇద్దరూ రండి. నా మోకాలి పట్టీ, కాసిని ఎండు రొయ్యలు తెండి. గట్టిగా అరవడానికి పిన్నిని మాత్రం మరిచిపోవద్దు.

తేజు