కుడివైపు సీటు

ములింగార్,
మార్చి 9.

ప్రియమైన నాన్నకు, నీ కూతురు దేవమణి వందనాలు. దేవుని దయవల్ల మేం ముగ్గురం బాగున్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మ నూనె రాస్తానంటే విసుక్కోకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. చలి తగ్గింది, వాన తగ్గలేదు. జెస్సికాకు తెలుగంతా అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులోనే. తాతయ్యకు ఏం రాయమంటావే అంటే, "టెల్ హిమ్ ఐ యామ్ గ్రాండ్" అనేసి మేడమీదికి పరిగెత్తింది. గ్రాండ్ అంటే ఇక్కడ బాగున్నానని. "నీ కింద ఎంతమంది నర్సులు పనిచేస్తున్నారు?" అని కూడా అడిగావు. దానికి చివర్లో చెప్తాను, తిట్టకు.

నువ్వు గీసి పంపిన ఇంజన్ బొమ్మలు అందాయి. నీ అల్లుడు నతానియేల్ వాటిని గోడకు అంటించుకుని, కంప్యూటర్‌లో రైలు నడిపే ఆట కోసం నువ్వు నడిపిన ఇంజన్ క్యాబ్‌ను అచ్చం అలాగే తయారుచేస్తున్నాడు. మొన్న ఆదివారం బిర్యానీ చల్లారిపోతోందని అరిస్తే, "హ్యాండ్ బ్రేక్ చక్రానికి రంగు వేస్తున్నా, ఆగు" అన్నాడు. ఆ చక్రాన్నే పెళ్లి చేసుకోవాల్సింది, నన్నెందుకు చేసుకున్నావన్నాను!

అంతా అయ్యాక డ్రైవర్ సీట్లోంచి చూస్తే ఏదీ కుదరలేదు నాన్నా. డ్రైవర్ కూర్చునేది ఎడమవైపట. నీ బొమ్మల్లో మీటర్లన్నీ పక్కనుంచి చూసినట్టున్నాయి. కుడి కిటికీకి స్క్రూలతో సహా గీశావు, ఎడమ కిటికీ ఉత్త గీత. నతానియేల్ చూసే చోటును కుడి సీటుకు మార్చాడు. అన్నీ గీతకు గీత సరిపోయాయి.

"మామయ్యగారు అసిస్టెంట్ డ్రైవర్‌గా చేసేవారా?" అన్నాడు మెల్లగా.

"డ్రైవరే! మన పెళ్లికార్డులో కూడా వేయించారు కదా" అని కసిరాను. కానీ లోపల తెలిసిపోయింది. హాస్టల్లో పెరిగినదాన్ని, నువ్వు చెప్పిందే నమ్మాను. అమ్మకు తెలిసే ఉంటుంది. ఎందుకు దాచావని అడగను. ముప్పై రెండేళ్లు ఆ సీట్లో కూర్చుని, వచ్చిన ప్రతి సిగ్నల్‌నూ డ్రైవర్‌కు పైకి చెప్పావు. అది తక్కువ పనా? ఆ కుడి సీటు చూసి ఏడ్చేశాను, నీమీద ప్రేమ ఆగక.

ఇప్పుడు నా సంగతి. నా కింద నర్సులెవరూ లేరు, నేనే వాళ్ల కింద ఉన్నాను. ఇక్కడ నర్సుగా రిజిస్టర్ కావడానికి పెట్టే పరీక్ష తప్పాను. రెండేళ్లుగా ఊరి బయట ఒక వృద్ధుల గృహంలో కేరర్‌ని. స్నానాలు చేయిస్తాను, తినిపిస్తాను, దుప్పట్లు మారుస్తాను. గూడూరు చర్చిలో నువ్వు "మా అమ్మాయి హెడ్ నర్సు" అని చెప్పావని అమ్మ ఫోన్‌లో మురిసిపోతుంటే అవునవునని పెట్టేశాను. పని చెడ్డదేం కాదు. జెర్రీ అని ఒక పెద్దాయన నేను తప్ప ఎవరు తినిపించినా మూతి తిప్పేస్తాడు. పనికి సిగ్గుపడలేదు నాన్నా, నీ ముఖం చిన్నబోతుందని భయపడ్డాను.

జూన్‌లో ఆ పరీక్ష ఇంకోసారి రాస్తున్నాను. పాసైనా కాకపోయినా ఇకనుంచి నీకు ఉన్నదే రాస్తాను. ఈసారి చర్చిలో ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి కేరర్" అని చెప్పు. నువ్వా మాట నలుగురిలో అన్నావని అమ్మ ఫోన్ చేసిన రోజు నేను పుస్తకం తెరుస్తాను. ఇంతవరకూ తెరవలేదు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
దేవమణి