మోటబావి ఒడ్డున అద్దం

రామన్నపేట,
మే 9, 1949.

పూజ్యులైన అత్తమ్మ గారికి,

అల్లుడు నర్సింహ నమస్కరించి రాసుకునేది. నేను బాగానే ఉన్నాను. మీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. ఈ ఉత్తరం మా బావమరిది సోమన్న మీకు చదివి వినిపిస్తాడు.

మొన్న అతను వచ్చినప్పుడు మీ మాట చెప్పాడు. "అల్లుడు రోజు బాయిల దుంకుతాండట. నా బిడ్డనైతె పోయింది, గాయనన్న ఉండాలె. గా బాయి ఇడిశిపెట్టి షాద్‌నగర్‌కు రమ్మను" అన్నారట. లీల ఫోటో ఒక్కటైనా ఉంటే పంపమన్నారట.

ముందు బావి సంగతి. నేను దూకడం లేదు. మెట్ల మీదుగా దిగుతున్నాను. నీళ్ల అడుగున చేపల ఫోటోలు తీస్తున్నాను. కిందటి ఎండాకాలం తీసినవి మా కాలేజీ సారుకు పంపాను. ఆయన మాట మీద మద్రాసు వైపు సముద్రపు ఒడ్డున ఒక పరిశోధన కేంద్రం వాళ్లు నన్ను పనిలోకి పిలిచారు. సముద్రం అడుగున బతికే జీవాల ఫోటోలు తీయాలి. నెలాఖరుకు బయలుదేరుతున్నాను.

పని ఎట్లా ఉంటుందో చెబితే మీ భయం తగ్గవచ్చు. వెడల్పు మూతి గాజు జాడీలో డబ్బా కెమెరా పెడతాను. మూతికి లారీ ట్యూబు రబ్బరు బిగించి, అంచుకు మైనం పూస్తాను. రబ్బరు మీదినుంచే మీట నొక్కుతాను. జాడీ తేలకుండా దానికి రాయి కడతాను. జనం చూసి భయపడింది ఆ రాయినే.

బావి అడుగు చీకటి. ఒడ్డున ఒకరు అద్దం పట్టి ఎండను లోపలికి కొట్టాలి. ఆ పని లీలది. అద్దం, మీరు పెండ్లికి పెట్టినదే. "మనుషులకే సంబంధాలు కుదురుత లెవ్వు, చేపలకు ఫోటోలు దీసి ఎవలికి చూపెడ్తవయ్యా?" అని పైనుంచి నవ్వేది. కొర్రమట్ట చేప నీళ్లలోనే బతుకుతుంది కాని గాలి కోసం పైకి రావలసిందే. అది వచ్చే వేళ లీలకు తెలిసేది. సరిగ్గా అప్పుడే అద్దం తిప్పేది.

ఇక ఫోటో. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని, బిడ్డను తీయవద్దని మీరు పెండ్లినాడే నాతో ఒట్టు వేయించుకున్నారు. నేను తప్పలేదు. ఆమె ముఖం ఉన్న ఫోటో ఇంట్లో లేదు. దీనితో ఒకటి పంపుతున్నాను. నీళ్ల కిందినుంచి పైకి తీసింది. నడుమ చేప. పైన గుండ్రంగా బావి మూతి. అంచున తెల్లటి మెరుపు అద్దానిది. మెరుపు వెనుక నిలబడినది లీల. "మొఖం కనవడ్త లేదు గద, అమ్మకిచ్చిన ఒట్టు దప్పలే" అని తనే అన్నది.

తర్వాతిది మీకు తెలిసిందే. రజాకార్లు ఊరి మీద పడిన రోజు ఆడవాళ్లంతా వానలో, ఆ బావిలోనే, మెడలోతు నీళ్లలో పొద్దుగూకేదాకా నిలబడ్డారు. ఆ రాత్రి లీలకు పట్టుకున్న జ్వరం దవాఖానలో కూడా తగ్గలేదు.

రజాకార్లను అణచడానికి మిలిటరీ వచ్చిననాడు ఊరంతా సంబరంగా బజారులో ఉంది. నేను ఇంట్లో పడుకున్నాను. ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ పెద్దగా ఏమీ అనిపించదు. అన్నం తింటున్నాను. పని చేస్తున్నాను.

ఇప్పుడు అద్దం బీరమ్మ పడుతున్నది. గొర్లు కాస్తుంది, మీకు నల్ల గొంగడి ఇచ్చిన మనిషి. వెళ్లే దారిలో షాద్‌నగర్‌లో దిగి, మీ దగ్గర ఉండి వెళ్తాను.

మీ అల్లుడు,
నర్సింహ

తా.క. సోమన్నా, ఇది కూడా చదువు. ఆపవద్దు.

అత్తమ్మా, మీరు విన్నది పూర్తిగా అబద్ధం కాదు. లీల పోయాక మొదటిసారి బావిలో దిగిన రోజు కెమెరాలో ఫిల్ము లేదు. పైకి రావాలని కూడా లేదు. అద్దం మాత్రం ఎందుకో తెచ్చి ఒడ్డున పెట్టాను. అడుగుకు పోయాక నీళ్లలోకి వెలుగు వచ్చింది. నా పక్కనుంచి కొర్రమట్ట గాలికి పైకి పోయింది. దాని వెనుక నేనూ వచ్చాను.

ఒడ్డున బీరమ్మ, అద్దాన్ని రెండు చేతులా పట్టుకుని. "ఎలుగు లేకుండ దిగితివేంది బిడ్డా! లీలమ్మ లేకుంటె మేమందరం సచ్చినమా? జర జెప్పు, గిట్ల పట్టాల్నా, గట్ల పట్టాల్నా?" అన్నది.

కొంచెం ఎడమకు తిప్పమన్నాను.

ఆ అద్దం ఆమెకే ఇచ్చి వస్తాను. మీరు కాదనరని అనుకుంటున్నాను.