స్కోరుబోర్డులో ఆఖరి పేరు

శనివారం, తెనాలి

బాపట్లలో ఇంజనీరింగ్ చదివే మనవరాలు సింధు ఈ ఉదయం ల్యాప్‌టాప్‌తో దిగింది. కాలేజీలో ప్రోగ్రామింగ్ పోటీకి స్కోరుబోర్డు తయారుచేసే పని దీని మీద పడింది. ఒక టీము లెక్క తేల్చగానే అందరి ఫోన్లలో ర్యాంకులు మారిపోతాయట. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఊరుకుంటానా?

"తప్పు చేస్తే శిక్షేంటే?"

"వాళ్లకి పట్టిన టైముకి ఇరవై నిమిషాలు కలుపుతాం అమ్మమ్మా."

"గోడకుర్చీ కంటే నయమే."

ఆఖరి గంటలో బోర్డును కదలనివ్వరట, గెలుపెవరిదో ముందే తెలియకుండా. ఆ కిటుకు నాకు నచ్చింది.

"సున్నా వచ్చిన టీముల పేర్లు కూడా చూపించాలా? సోమవారం సార్‌కి చెప్పాలి. నువ్వు క్లాసులో ఏం చేసేదానివి?"

నేను పరీక్ష పేపర్లు మార్కుల వరుసలో, ఎక్కువ నుంచి తక్కువకి ఇచ్చేదాన్ని. రేపల్లె రైల్లో వచ్చే ఒక పిల్ల, నా చేతిలో ఒక్క పేపరే మిగిలితే, పిలవకముందే లేచి వచ్చేది. అలా లేచి రావడం క్రమశిక్షణ అనుకున్నాను. అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు ఇచ్చాక ఆ పిల్ల ఇక బడికే రాలేదు. అదీ చెప్పాను.

సింధు ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. "పైన పది పేర్లే పెడతాను. మిగతావాళ్ల ర్యాంకు వాళ్లకే కనిపిస్తుంది."

"అలా కుదురుతుందా?"

"నాలుగు లైన్ల కోడ్ అమ్మమ్మా."

నాకు ముప్పై ఏళ్లలో తట్టలేదు.

ఆ పిల్ల పేరు ఇంటిపేరుతో సహా గుర్తుంది. ఆ ఆఖరిసారి మొదటి పేపరు ఎవరికిచ్చానో ఇందాకటి నుంచీ ఆలోచిస్తున్నాను, ఎంతకీ...